మామ్మగారు ఒప్పజెప్పిన ఊరు

మా చర్చి సెక్రటరీ గారు ఫోన్ గ్రూపులో ఆ ఫొటో పెట్టినప్పుడు నేను అమెరికాలో మేముండే అరోరా ఊరి లైబ్రరీలో, కిటికీ పక్కన నాకు అలవాటైన కుర్చీలో ఉన్నాను. ఫొటోలో నాలుగు గడ్డికప్పుల ఇళ్లు, గోడలకు పాకిన గులాబీలు, వెనకాల ఎత్తైన రాతి చర్చి, దాని శిఖరం మీద గాలికి తిరిగే ఇనప కోడి. కింద ఆయన రాసిన మాట: "ప్రైజ్ ది లార్డ్. మన దొరసానమ్మ గారి సొంత ఊరు దొరికింది. జూలైలో అందరం వెళ్తున్నాం." ఆ వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి.

నాకు ఒళ్లు మండింది. ఆ ఊరు దొరసానమ్మది కాదని నాకు ఫొటో చూడగానే తెలుసు, అందులో కాలవ జాడే లేదు.

దొరసానమ్మ అంటే మా ముత్తాతల కాలంలో ఇంగ్లండ్ నుంచి గోదావరి డెల్టాకి వచ్చి, కాలవ గట్టున ఆడపిల్లల బోర్డింగ్ స్కూలూ ఒక చిన్న చర్చీ కట్టించిన మిషనరీ. ఆమె పెళ్లి చేసుకోలేదు, వెనక్కి వెళ్లలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇక్కడొక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని తెలుగులో ఆరాధన చేసుకునే మా కుటుంబాల్లో సగం ఆ కాలవ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. ఈసారి సంఘం వార్షికోత్సవానికి ఆమె పుట్టిన ఊరు చూసి రావాలని కమిటీ తీర్మానించింది. ఊరు వెతికే పని సెక్రటరీ గారు తీసుకున్నారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు.

నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసి పెళ్లి చేసుకుని వచ్చినదాన్ని. మొదట్లో ఉద్యోగం చేయడానికి వీసా ఒప్పుకోలేదు, కారు నడపడం రాదు, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఒక్కో అర దాటుకుంటూ వచ్చి, ఇంగ్లండ్ పల్లెటూళ్ల చరిత్రలున్న చోట ఆగిపోయాను. రాజులూ యుద్ధాలూ కాదు. ఈ వంతెన ఎవరు కట్టారు, ఆ చెరువు ఎందుకు పూడిపోయింది, పరాయి చేలో పడిన పశువుల్ని ఎక్కడ కట్టేసేవారు, ఇలాంటివి. మన బందెలదొడ్డి లాంటిది అక్కడా ఊరూరా ఉండేదని చదివిన రోజు పరుగున ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా "గుడ్" అన్నారు. అయినా ఆ ఊళ్ల సంగతి డిగ్రీలున్నవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

లైబ్రరీ మెట్ల మీద నిలబడి సెక్రటరీ గారికి ఫోన్ చేశాను.

"ఊరు ఎలా కనుక్కున్నారు బ్రదర్?"

"సింపుల్ సిస్టర్. ఆవిడ ఇంటిపేరు నెట్‌లో కొట్టాను. ఆ పేరుతో ఇంగ్లండ్‌లో ఒక విలేజ్ ఉంది. వెంటనే వచ్చేసింది."

"ఇంటిపేరు ఊరైతే ఆవిడ అక్కడే పుట్టినట్టా?"

"మరి? మనకి ఇంటిపేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊళ్ల నుంచేగా."

చూడండి, ఇలాంటి పొరపాటు మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఇంగ్లండ్ వాళ్లకీ కొన్ని ఇంటిపేర్లు ఊళ్ల నుంచే వచ్చాయి, కాదనను. అయితే ఆ కుటుంబాలు ఆ ఊళ్లు వదిలి ఎన్నో తరాలై ఉంటుంది. ఇదంతా విప్పి చెప్పాను. ఆయన కీబోర్డు మీద ఏదో టైప్ చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"మీ ఇంటిపేరు కూడా ఊరి పేరే కదా బ్రదర్. ఆ ఊరు ఎక్కడుంది?"

"కృష్ణా జిల్లాలో ఎక్కడో ఉందంట."

"ఎప్పుడైనా వెళ్లారా?"

"నేనెందుకెళ్తాను? మాది తణుకు."

"రేపు మీ మనవడు తాత పుట్టిన ఊరు చూస్తానని ఆ కృష్ణా జిల్లా ఊరికి వెళ్తే?"

"వాడు అక్కడికీ వెళ్లడు, తణుక్కీ వెళ్లడు సిస్టర్. వాడు మన పక్కనున్న ఈ నేపర్‌విల్ దాటితే అదే గొప్ప." ఆయన నవ్వి, "హోటల్ వాళ్లతో కాల్‌లో ఉన్నాను, బుక్ చేసేస్తున్నాను" అని పెట్టేశారు.

నేను అంతటితో ఊరుకునేదాన్నేమో. తప్పు ఊళ్లు చూసొచ్చేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. మామ్మగారి కోసం ఊరుకోలేకపోయాను.

మా సంఘంలో అందరికంటే పెద్దావిడని అందరం మామ్మగారనే పిలుస్తాం. కొడుకు దగ్గర ఉంటారు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, డాక్టరు ఆపరేషన్ వద్దన్నాడు. ఆరాధనకు వస్తే తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంటారు. ఆవిడ వాళ్లమ్మని పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో బోర్డింగ్ గేటు దగ్గర వదిలేసి వెళ్లారట. దొరసానమ్మే పెంచింది, తన ఇంటిపేరే పెట్టింది. ఆ పిల్లకి ఊరు లేదు. మీదే ఊరు అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

దొరసానమ్మ బోర్డింగ్ పిల్లలకి ఇంగ్లీషు నేర్పడానికి తన ఊరి వీధిని నల్లబల్ల మీద బొమ్మ గీసి, ఒక చివర నుంచి రెండో చివరకి నడిపించేదట. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా ఒప్పజెప్పేవారు. మామ్మగారి అమ్మ దాన్ని మర్చిపోలేదు, కూతురిని మర్చిపోనివ్వలేదు. ఫొటో వచ్చిన మర్నాడు నేను మామ్మగారి ఇంటికి వెళ్లి అడిగితే, ఆవిడ సోఫాలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఒక్క బిగిన చెప్పేశారు.

"బ్రిడ్జి. లాకులు. లాకు సూపర్నెంటు ఇల్లు. ఒరిగిన ఇల్లు. చాపెలు. రెండు పిడుల పంపు. కమ్మరి కొట్టు. సందు. మా గుమ్మం."

"మా గుమ్మం అంటే?"

"దొరసానమ్మ పుట్టిన ఇల్లు. ఆవిడ 'మై డోర్' అనేదంట, పిల్లలందరూ 'మా గుమ్మం' అని చెప్పేవోరంట. మా అమ్మయితే ఆఖరి దాకా అలాగే అంది. తనదే అన్నట్టు."

ఫోన్‌లో సెక్రటరీ గారి ఫొటో చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి చూశారు.

"ఇందులో లాకులేవి?"

"లేవండీ. ఆ ఊరు గుట్ట మీద ఉంది. కాలవే లేదు."

"పూరిళ్లలాగున్నాయే. పూరిల్లు చూడ్డానికి ఇంగ్లండు దాకా ఎందుకమ్మాయ్? నేను పుట్టిందే దాంట్లో." ఫోన్ నా చేతికి ఇచ్చేసి అన్నారు: "నా మోకాళ్లతో ఇంకోసారి ఇమానం ఎక్కలేను. ఒకే ఒక్కసారి వెళ్తాను. వెళ్తే మా గుమ్మం ముందు నిలబడాలి. వేరే వాళ్ల గుమ్మం నాకెందుకు?"

ఆ ఒక్క మాటతో నా చలికాలం అంతా ఖర్చైపోయింది.

పడవల కోసం నీళ్లు ఆపి వదిలే తలుపులు, అవే లాకులు, ఉన్న కాలవలు ఇంగ్లండ్‌లో బోలెడు. దొరసానమ్మ మన కాలవ లాకులు చూసి, ఇది మా ఊరులాగే ఉందని అక్కడే ఆగిపోయిందని మా ఊళ్లో అందరూ చెప్పుకునేదే. దాంతో నాకు ఒరిగేదేమీ లేదు. లైబ్రరీలో సమాచారం డెస్క్ దగ్గర కూర్చునే ఆమె నన్ను చూడగానే, ఈ రోజు ఇంగ్లండ్‌లో ఏ కౌంటీ, ఏ జిల్లా అని అడగడం మొదలుపెట్టింది. ఒరిగిన ఇల్లు ఏ పుస్తకంలోనూ కనపడదు. నిటారుగా ఉన్న ఇళ్లన్నిటి గురించీ ఎవరో ఒకరు రాశారు.

వారం వారం మామ్మగారి దగ్గరికి వెళ్లి, ఇంకేమైనా గుర్తుందా అని పీక్కు తినేదాన్ని. ఆవిడ టీ ఇచ్చేవారు, కోడలి మీద చెప్పేవారు, మోకాళ్ల గురించి చెప్పేవారు. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని కోడలిని విసుక్కుంటూ, "దొరసానమ్మ ఊళ్లో అయితే ఉప్పు భూమి లోపల్నుంచి తవ్వి తీస్తారంట. మా అమ్మోళ్లు పడీ పడీ నవ్వేవోరంట. ఉప్పు సముద్రంలో కదా ఉంటది" అన్నారు.

"ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు వీధి గురించి అడిగావు. ఉప్పు గురించి అడిగావా?"

నేను టీ కప్పు అక్కడే వదిలేసి లేచాను. ఇంగ్లండ్‌లో భూమి లోంచి ఉప్పు తీసే ప్రాంతం చెషైర్. కింద ఉప్పు కరిగి నేల కుంగిపోయి, పైన ఇళ్లు పక్కకి ఒరిగిపోయేవని ఎప్పుడో చదివాను. చదివి, దీన్ని దానికి కలపలేదు. నా మీద నాకు వచ్చినంత విసుగు సెక్రటరీ గారి మీద కూడా రాలేదు.

ఆ తరవాత వేరే రాష్ట్రంలోని లైబ్రరీ నుంచి ఒక సన్నటి పుస్తకం తెప్పించుకున్నాను. చెషైర్‌లో కాలవ పక్కనున్న ఒక చిన్న ఊరి చరిత్ర, ఆ ఊరి బడిపంతులు ఒకాయన ఉద్యోగం అయిపోయాక రాసింది. ఊరి పేరు ఇక్కడ రాయను. అందులో కాలవ వంతెన ఉంది, గుర్రం లాగే పడవల తాళ్లు ఒరుసుకుని దాని రాతికి పడిన గాడులు ఉన్నాయి. లాకులున్నాయి. దుంగలు ఆనించి నిలబెట్టిన ఒరిగిన ఇల్లు ఉంది. శిఖరం లేని, గంట లేని ఇటుక చాపెలు, అంటే చిన్న ప్రార్థన మందిరం ఉంది, అచ్చం కాలవ గట్టున మన చర్చిలాగా. పెద్దవాళ్లకి పైన ఒక పిడి, పిల్లలకి కింద ఒక పిడి ఉన్న నీళ్ల పంపు ఉంది. లైబ్రరీలో మాట్లాడకూడదని తెలిసీ పైకి చదివేశాను. దొరసానమ్మ పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

సెక్రటరీ గారికి కావలసింది అదే. ఆరాధన అయ్యాక, కింద హాల్లో చికెన్ పలావు తింటూ జరిగిన కమిటీ మీటింగులో ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పారు.

"పేరు లేదు కదా సిస్టర్. ప్రూఫ్ ఏముంది?"

"మీ ఊళ్లో ఏ ప్రూఫ్ ఉంది బ్రదర్?"

"ఇంటిపేరు ఉంది. మామ్మగారి అమ్మకి పెట్టిన ఇంటిపేరు కూడా అదే. ఇంకేం కావాలి? పైగా ఈ ఫొటోలు చూడండి, బ్లాక్ అండ్ వైట్. బ్రోషర్ కవర్ మీద ఏం వేస్తాం? పడిపోతున్న ఇల్లా?"

పాస్టర్ గారు మంచివారు, ఆ మంచితనంతోనే నన్ను ఎక్కువ విసిగించారు. "సిస్టర్, ఊరు ఏదైనా ఆ తల్లి దేశమే కదా. దేవుడు రెండు ఊళ్లలోనూ ఉన్నాడు. కొంచెం అడ్జస్ట్ అవుదాం" అన్నారు. అడ్జస్ట్ అనే మాట మా సంఘంలో ప్రతి మీటింగ్ చివరా వస్తుంది. అది వచ్చిందంటే అందరూ ప్లేట్లు తీసుకుని లేస్తారు.

అప్పుడు తలుపు దగ్గరి కుర్చీలోంచి మామ్మగారు అన్నారు: "ఆ టీవీలో దారి చూపిస్తారంట కదా బాబూ. కారులో వెళ్తున్నట్టు. అది పెట్టు."

సెక్రటరీ గారు నిట్టూర్చారు. హాల్లో పాటల మాటలు చూపించే పెద్ద తెర ఉంది. ఈ గొడవ ఇక్కడితో వదిలిపోతుంది అన్న ముఖంతో ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి, నా పుస్తకంలోని ఊరి పేరు కొట్టి, వీధిని వీధిలాగే చూపించే మ్యాపు తెరిచారు. మబ్బు పట్టిన రోజు ఎప్పుడో తీసిన బొమ్మ. తడిసిన రోడ్డు, చెత్త డబ్బాలు, ఒక పిల్లి.

"ఇదేనా?" అన్నారెవరో వెనక నుంచి. ఆ గొంతులోని నిరాశ నన్ను ఈ రోజుకీ గుచ్చుతుంది. గులాబీలు లేకపోతే ఊరు కాదన్నట్టు.

మామ్మగారు కళ్లు మూసుకున్నారు. "బ్రిడ్జి."

తెర మీద వంతెన ఉంది. సెక్రటరీ గారు బాణం గుర్తు నొక్కారు.

"లాకులు."

కుడి పక్కన నల్లటి చెక్క తలుపులు, వాటి మీంచి పొడుగాటి తెల్ల దూలం. హాల్లో ఎవరో కుర్చీ ముందుకు లాక్కున్నారు. మా ఊరివాళ్లకి లాకు తలుపులు చూపించి ఇవేంటని చెప్పక్కర్లేదు.

"సూపర్నెంటు ఇల్లు."

"ఉందండీ" అన్నారు సెక్రటరీ గారు, గొంతు తగ్గించి.

"ఒరిగిన ఇల్లు."

అక్కడ కార్లు ఆపుకునే ఖాళీ స్థలం ఉంది. "లేదు కదా" అని సెక్రటరీ గారు నా వైపు తిరిగారు.

"ఒరిగింది ఎన్నాళ్లు నిలబడతాది బాబూ? పడిపోయుంటాది. ముందుకెళ్లు. చాపెలు."

చాపెలు ఉంది. బోర్డు మాత్రం వంటింటి టైల్స్ అమ్మే కొట్టుది. పాస్టర్ గారు ఆ బోర్డు కేసి చాలాసేపు చూశారు. పంపు లేదు. దాని జాగాలో పూలమొక్కల తొట్టె ఏదో ఉండి ఉంటుందని నేను అన్నాను. ఎక్కడా తొట్టె కనపడకపోయేసరికి నాకే సిగ్గేసింది. కమ్మరి కొట్టు ఉన్న చోట కార్లు రిపేరు చేసే షెడ్డు ఉంది.

"ఇనుము పనేగా" అన్నారు మామ్మగారు. "సందు."

షెడ్డు పక్కన రెండు ఇటుక గోడల మధ్య సన్నటి సందు. సెక్రటరీ గారు నొక్కారు. బాణం కదల్లేదు. మళ్లీ నొక్కారు. బొమ్మ సందు మొదట్లోనే గింగిరాలు తిరిగింది. లోపల చీకటిగా, గోడ మలుపు తిరిగినట్టు ఉంది, అంతే.

"కెమెరా కారు లోపలికి వెళ్లలేదు మామ్మగారు. ఇంక కనపడదు."

మామ్మగారు కళ్లు తెరిచారు. తెర మీది సందు చూశారు.

"కారు వెళ్లకపోతే ఏం," అన్నారు. "మా అమ్మ రోజూ నడిచే వెళ్లింది. నేనూ నడిచే వెళ్తాను. బస్సు ఆ సందు ముందు ఆపుతావా బాబూ, ఆపవా?"

సెక్రటరీ గారు పాస్టర్ గారి వైపు చూశారు. పాస్టర్ గారు అడ్జస్ట్ అనలేదు. "ఆపుతాం మామ్మగారు" అన్నారు.

ఇంతటితో కథ సుఖంగా ముగిసిందని మీరు అనుకుంటే మా కమిటీ మీకు తెలియదు. హోటల్ మార్చడం కుదరదని సెక్రటరీ గారు గడ్డికప్పుల ఊరిని అలాగే ఉంచారు. ఆ రెండు ఊళ్లూ దేశానికి చెరో మూల. పొద్దున్నే అక్కడ లేచి, బస్సెక్కి, మధ్యాహ్నానికి లాకుల ఊరు చేరాలి. "నాకేం, బస్సులో పడుకుంటాను" అన్నారు మామ్మగారు. బ్రోషర్ అచ్చయి వచ్చింది. కవర్ మీద గులాబీలూ ఇనప కోడీ. లోపల, వెనక పేజీ అడుగున, వేలెడు జాగాలో లాకులు. దాని కింద నా పేరు వేసి థ్యాంక్స్ చెప్పారు, పేరులో ఒక అక్షరం ఎగరగొట్టి. అన్నిటికీ మించి, సందులో చేయి పట్టుకుని నడిపించడానికి నేనే రావాలని మామ్మగారు నన్నడక్కుండానే అందరికీ చెప్పేశారు. ఏ ఊరికైనా కుర్చీలో కూర్చునే వెళ్లొచ్చే మనిషిని, ఇప్పుడు సెక్రటరీ గారి పక్క సీట్లో ఇంగ్లండ్ అంతా తిరగాలి. కమిటీ సీట్లు కూడా కేటాయించేసింది.

ఈ మధ్య మామ్మగారు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నారు. ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద కర్ర పట్టుకుని నడక ప్రాక్టీస్ చేస్తున్నారట. నడుస్తూ ఊరు ఒప్పజెప్పుకుంటున్నారట.

"చాపెలు, పంపు, కమ్మరి కొట్టు. అంతేగా అమ్మాయ్?"

"పుస్తకంలో పంపు ముందు, చాపెలు తరవాత ఉందండీ."

"ఆ పుస్తకం రాసినాయన ఆ ఊరోడేనా?"

"ఆ ఊరాయనేనండీ. పుట్టి పెరిగింది అక్కడే."

"అయితే అటు చివర్నుంచి నడుచుకొచ్చుంటాడు."

"అలాగైతే లాకులు కూడా తరవాత రావాలి కదండీ. అవి ముందే వచ్చాయి."

"నువ్వు లైబ్రరీలో చదివావు. మా అమ్మ ఆ వీధిలో రోజూ నడిచింది."

వాళ్లమ్మ కాలవ దాటి ఎరగదని నా నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు.

"జూలైలో చూద్దాంలే. పంపు తీసేసినా కింద రాయైనా ఉంటది" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. గడువు దాటిపోయి, రెండుసార్లు పొడిగించుకున్న ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచాను. పంపు ఫొటో మీద భూతద్దం పెట్టి చూశాను. పంపు నీడ చాపెలు గోడ మీద పడి ఉంది. రెండింట్లో ఏది ముందో తేలాలంటే ఫొటో ఏ వైపు నుంచి తీశారో, పొద్దున తీశారో సాయంత్రం తీశారో తెలియాలి, అది ఎక్కడా రాయలేదు. పుట్టి పెరిగిన ఊరి గురించి పుస్తకం రాస్తూ ఆ ఒక్క ముక్క రాయని ఆ బడిపంతులు మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.